గృహిణులకు ఇంగ్లీషు: చిన్నమాటల పెద్దబరువు



ఇంగ్లీషులో పెద్దమాటలు కఠినములనియు, చిన్నమాటలు సులభములనియు పలువురు తలంతురు. నిజము దీనికి విపరీతము. పెద్దమాటకు అర్థము నిఘంటువులో దొరకును. ఇన్, ఆన్, బై, విత్, ఫర్ మున్నగు చిన్నమాటలకో, ఒక్కొక్కదానికి పదేసి యర్థములు కనబడి చదువరికి తల తిరుగును. అయినను మన యింటికి వచ్చు మందులచీటిలోను, పిల్లల బడినుండి వచ్చు ఉత్తరములోను, ఏ పని యెప్పుడు చేయవలెనో నిర్ణయించునవి ఈ మాటలే. ప్రిపొజిషనులని పేరుగల వీనిని గూర్చియు, వీనితో కలసి నడచు సర్వనామములను గూర్చియు ఈ నెల ముచ్చటింతము.

మొదట భయము విడువుడు. ఇవి చేయు పనిని మన విభక్తి ప్రత్యయములు ఎప్పటినుండియో చేయుచున్నవి. చిన్నయసూరి బాలవ్యాకరణములో చదువుకొను చేత, తోడ, కొఱకు, వలన, అందు మొదలగునవి యిట్టివే. ముఖ్యమైన భేదము స్థానములో నున్నది. మన ప్రత్యయము నామమునకు వెనుక చేరును. ఇంగ్లీషుమాట ముందు నిలుచును. మనము 'చెంచాతో' అందుము. వారు 'విత్ ఎ స్పూన్' అందురు.

ఇక సర్వనామముల మాట. 'నేను'కు 'తో' చేర్చునప్పుడు 'నేనుతో' అనము, 'నాతో' అందుము. ఇంగ్లీషులోను ప్రిపొజిషను ముందు నిలిచిన వెంటనే 'ఐ' అనునది 'మి' యగును. అట్లే 'హి' 'హిమ్' అగును, 'షి' 'హర్' అగును, 'వి' 'అస్' అగును, 'దే' 'దెమ్' అగును. 'యు', 'ఇట్' అను రెండును మాఱవు. ఒక్కరిని గూర్చి చెప్పునప్పుడు ఇందు తప్పువారు అరుదు. ఇద్దరు కలసినప్పుడే చిక్కు. 'ద టీచర్ స్పోక్ టు మై హజ్బెండ్ అండ్ ఐ' అని చక్కగా చదువుకొన్నవారు సైతము వ్రాయుదురు. దీనికి సులభమైన పరీక్ష కలదు. రెండవవారిని క్షణకాలము ప్రక్కన నుంచి చదువుడు. 'స్పోక్ టు ఐ' అనుట పొసగదు గదా! కావున 'మై హజ్బెండ్ అండ్ మి' అనవలెను. 'మై హజ్బెండ్ అండ్ ఐ వెంట్' అనునది మాత్రము సరియే. ఏలయన 'ఐ వెంట్' అనుట పొసగును.

కాలమును చెప్పునప్పుడు మన తెలుగే దారి చూపును. 'అయిదు గంటలకు' అనుచోట ఎట్, 'శుక్రవారమునాడు' అనుచోట ఆన్, 'జూను నెలలో' అనుచోట ఇన్. గడువులందును ఇంతే. 'బై ద టెన్త్' అనగా పదవ తేదీలోగా పని ముగింపవలెను. 'టిల్ ద టెన్త్' అనగా పదవ తేదీవరకు అది సాగుచుండును. లోగా, వరకు అను మాటలకు గల భేదము తెలిసిన గృహిణి బడిజీతపు గడువును పొరబడదు.

అయితే తెలుగు మనలను ప్రక్కదారి పట్టించు చోట్లును కలవు. వానియందే మెలకువ వలయును.

మొదటిది 'నుండి'. '2020 నుండి', 'రెండు సంవత్సరములనుండి' అని రెంటికిని మన మొకే మాట వాడుదుము. ఇంగ్లీషులో ఆరంభమును చెప్పిన 'సిన్స్', కాలపరిమాణమును చెప్పిన 'ఫర్'. కావున 'సిన్స్ టూ ఇయర్స్' అనుట తప్పు. 'ఫర్ టూ ఇయర్స్' అనవలెను.

రెండవది 'లో'. వైద్యుడు 'కమ్ ఇన్ టూ వీక్స్' అని వ్రాసిన, దానిని 'రెండు వారములలో' అని మార్చుకొని, ఆలోపల ఎప్పుడు పోయినను చాలునని తలంతుము. దాని సామాన్యార్థము రెండు వారములు గడచిన పిమ్మట రమ్మని. లోపల రావలెనన్నచో 'విథిన్ టూ వీక్స్' అని యుండును. ఈ రెంటిని కలగలిపి వ్రాయువారును లేకపోలేదు. కావున రోగి విషయమున ఊహ పనికిరాదు. తేదీ వేసి యిమ్మని యడుగుటయే క్షేమము.

మూడవది విశేషణములతోను క్రియలతోను గల పొత్తు. 'నాపై కోపము' అన్నంతమాత్రమున 'యాంగ్రీ ఆన్ మి' అనరాదు. 'యాంగ్రీ విత్ మి' అనవలెను. 'లెక్కలలో దిట్ట' యైనవాడు 'గుడ్ ఎట్ మ్యాథ్స్'. ఒకనితో వివాహమైనను 'మ్యారీడ్ టు' అనియే వాడుక. 'డిస్కస్' తరువాత 'అబౌట్' అక్కఱలేదు. ఇట్టివానికి సూత్రము వెదకుటకంటె, జంటపదములుగా కంఠస్థము చేయుటయే మేలు.

ఒక విషయమున మాత్రము ఇంగ్లీషుకంటె మన భాషయే సంపన్నము. మేము 'మేము' అన్నచో పాఠకురాండ్రు అందు చేరరు. 'మనము' అన్నచో చేరుదురు. ఇంగ్లీషున రెంటికిని 'వి' యొక్కటే. దూరదేశముననున్న కోడలు 'డిసెంబరులో వి షల్ గో టు కాశి' అని వ్రాసినచో, తమ్మును పిలిచినదో లేదో అత్తగారికి తెలియదు. అలుగుటకు ముందు అడుగుట మంచిది!

అభ్యాసము: క్రింది వాక్యములను ఇంగ్లీషులో చెప్పి, పిమ్మట సమాధానములు చూడుడు.

1. వైద్యుడు మా అత్తగారితోను నాతోను మాటలాడెను.
2. సోమవారమునాడు ఆఱు గంటలకు రండు.
3. మూడు దినములనుండి నాకు జ్వరముగా నున్నది.

సమాధానములు:

1. ద డాక్టర్ స్పోక్ టు మై మదరిన్లా అండ్ మి.
2. కమ్ ఎట్ సిక్స్ ఓక్లాక్ ఆన్ మండే.
3. ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్.

ఇంటికి వచ్చిన ప్రతి చీటిలోను చిన్నమాటల క్రింద గీతగీసి చదువుడు. నెల తిరుగకమున్నే ఒకరిచేత చదివించుకొను నవసరము చాలవరకు తప్పును.