పత్తి ధర ఎక్కడ తయారవుతోంది?



పత్తి అమ్మి వచ్చినోళ్ళని అడగండి, "సేటు ఇంత ఇచ్చిండు" అంటారు. ధర సేటే పెడతాడని డిగ్రీకి వచ్చేదాకా నేనూ అనుకున్నా. కానీ ఆ సేటు చూసే ధర ఎక్కడో దూరంగా తయారవుతోంది.

2025 ఆగస్టు గుర్తు చేసుకోండి. మన చేలల్లో పత్తి ఇంకా చేతికి రాలేదు. విదేశీ పత్తి మీదున్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నది, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించింది. అంటే మనం పత్తి ఏరి అమ్ముకునే రోజుల్లోనే తలుపులు బార్లా తెరిచారు. బట్టల పరిశ్రమకు పత్తి అందాలని కారణం చెప్పారు. అదే నెలలో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతానికి పెంచింది. మిల్లు కార్మికుల కష్టం నిజమే, నేను కాదనను. కానీ రెండు దేశాల సుంకాల కొట్లాటలో ఆ బరువు పత్తి రైతు నెత్తిన ఎందుకు పెట్టాలి?

"మద్దతు ధర ఉంది కదా" అంటారేమో. ఉంది. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాల్‌కు 8,110 రూపాయలు. కానీ అది సీసీఐకి అమ్మగలిగినోళ్ళకే. తేమ 12 శాతం దాటితే తీసుకోరు. ఆ ఏడు కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు కూడా పెట్టారు. సిగ్నల్ కోసం గుట్టెక్కే గూడెంలో యాప్! పోడు పట్టా రాని కుటుంబం ఏ కాగితం చూపిస్తది? మా బాపు దున్నే చెలకకీ పట్టా లేదు. ఆ పత్తిని ఇంటి ముందే వ్యాపారికి కాంటా పెట్టినం. మార్కెట్ ధర పడితే మొదటి దెబ్బ మనలాంటోళ్ళకే.

చిన్నోళ్ళం, ఏం చేయగలం అనకండి. 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి అనే నాలుగు పేద ఆఫ్రికా దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థలో నిలబడి, ధనిక దేశాల సబ్సిడీలు మా పత్తి రైతుల్ని ముంచుతున్నాయని చెప్పాయి. వాళ్ళ సమస్య ఇంకా తీరలేదు. కానీ పత్తిని అక్కడ ప్రత్యేక అంశంగా పెట్టించగలిగారు. బ్రెజిల్ అయితే అదే సంస్థలో అమెరికా పత్తి సబ్సిడీల మీద కేసు గెలిచింది. ఆ గొడవ తీర్చుకోవడానికి 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది.

మన రాజ్యాంగంలో వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది, విదేశీ ఒప్పందాలు కేంద్రం జాబితాలో ఉన్నాయి. ఒప్పందం మీద సంతకానికి ముందు పార్లమెంటు ఆమోదం కూడా తప్పనిసరి కాదు. ఇంక మన గూడేన్ని ఎవరడుగుతారు?

అందుకే మనమే అడగాలి. పంట చేతికొచ్చే నెలల్లో సుంకం ఎత్తేయొద్దు. పంటల మీద ఒప్పందం చేసుకునే ముందు రాష్ట్రాలతో మాట్లాడాలి, మన పంటల సంగతి గిరిజన సలహా మండలిలో చర్చకు పెట్టాలి. పట్టా లేని పోడు రైతు పత్తిని గ్రామసభ ధ్రువీకరణ మీద సీసీఐ కొనాలి.

ఈసారి మీ గూడెంలో ఎవరు, ఎవరికి, ఎంతకు అమ్మారో నోటుబుక్కులో రాసి గ్రామసభలో చదవండి. మన లెక్క మన దగ్గర లేకపోతే, ఢిల్లీలో మన గురించి మాట్లాడేటోడికి ఏం ఇస్తాం?

జై ఆదివాసీ!