పావలా కోడి – ముప్పావలా మసాలా

“పావలా కోడికి ముప్పావలా మసాలా” అని మన పెద్దలు చెప్పినారు. “మహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్” అని మన కళాశాల ఉర్దూ శాఖలోని మిత్రులు తరచుగా అంటూ ఉంటారు. ఖరీదైన వస్తువు కొన్నవాడు ఒక్కసారే ఏడుస్తాడు, చౌక వస్తువు కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడు అని దాని భావం. ఈ సామెతలు పుట్టిననాటికి రంగుల లేజర్ ప్రింటరు అనే యంత్రం లోకంలో లేదు. అయినా ఆ యంత్రాన్ని కొన్నవారెవరో వీటిని కల్పించి ఉంటారేమో అన్న అనుమానం గత రెండేండ్ల అనుభవం వల్ల నాకు కలిగినది. తెలుగు చెప్పుకొనే ఉపాధ్యాయునికి యంత్రాల గొడవ ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. కాని నేను వ్రాయబోయేది యంత్రాన్ని గురించి కాదు. కొనేవాడు ఏ ధర అడగాలి అన్న విషయాన్ని గురించి.

రెండేండ్ల క్రిందట మా తెలుగు శాఖ, ఉర్దూ శాఖ తమ వార్షిక నిధుల నుండి చెరిసగం వేసికొని ఒక రంగుల లేజర్ ప్రింటరును కొన్నాయి. ఉద్దేశం మంచిదే. మా విద్యార్థులలో అధిక సంఖ్యాకులు దర్జీల, మెకానిక్కుల, చిల్లర వర్తకుల ఇండ్ల నుండి వచ్చేవారు. ప్రాజెక్టు నివేదికలో పటాలు, చిత్రాలు రంగులలో ఉండాలంటే వీధి చివరనున్న జిరాక్స్ దుకాణంలో పుటకు పది రూపాయలు చెల్లించాలి. ఇరవై పుటలైతే రెండు వందలు. బస్సు పాసుకు డబ్బు చాలని పిల్లలకు అది చిన్న మొత్తం కాదు. ఆ భారం తగ్గించాలని సంకల్పించి, అంగడిలో చూపిన వాటిలో అన్నిటికంటె చౌకైన యంత్రాన్ని సుమారు 24,000 రూపాయలకు తెచ్చుకొన్నాము.

మొదటి మూడు నెలలు మా ఆనందానికి మేర లేదు. గోడపత్రిక మీద నస్తాలీఖ్ లిపిలో ఉర్దూ శీర్షిక ఆకుపచ్చగా, దాని ప్రక్కన తెలుగు శీర్షిక ఎర్రగా మెరిసినవి. సాహితీ సభకు ఆహ్వానపత్రాలు మేమే ముద్రించుకొన్నాము. స్టెన్సిలు కోసి, సైక్లోస్టైలు యంత్రం త్రిప్పి, చేతులకు సిరా పూసికొన్న రోజులను గురించి మా పెద్ద అధ్యాపకులు కథలుగా చెప్పుతుంటే నవ్వుకొన్నాము.

నాలుగవ నెలలో ఆ నవ్వు ఆగిపోయినది. అంతర్గత పరీక్షకు ముందునాటి సాయంకాలం ప్రశ్నపత్రాన్ని ముద్రించబోగా పసుపు టోనరు అయిపోయినదని యంత్రం తెలియజేసినది. ప్రశ్నపత్రంలో పసుపు ఒక్క చుక్కయినా లేదు, అక్షరాలన్నీ నలుపే. నల్ల టోనరు ఇంకా మిగిలే ఉన్నది. అయినా పసుపు కార్ట్రిడ్జి మార్చేవరకు ఒక్క కాగితం కూడా ముద్రించడానికి యంత్రం అంగీకరించలేదు. ప్రశ్నపత్రాన్ని బయటి దుకాణానికి తీసికొనిపోవడానికి నియమం ఒప్పదు. మరునాటి ఉదయం నల్లబల్ల మీద సుద్దముక్కతో ప్రశ్నలు వ్రాసి పరీక్ష జరిపినాను. ఇరవై నాలుగు వేల యంత్రం మూలన ఉండగా రూపాయి సుద్దముక్క మా పరువు కాపాడినది.

తరువాత కార్ట్రిడ్జి ధర విచారించినాము. నల్లది 4,500 రూపాయలు; రంగులవి ఒక్కొక్కటి 5,200 రూపాయలు. నాలుగూ కలిపి 20,100 రూపాయలు. అనగా టోనరు ఒక్క విడత మార్చితే యంత్రం ధరకు దాదాపుగా సమానం. యంత్రంతో వచ్చిన కార్ట్రిడ్జులు ఇంత త్వరగా ఎందుకు ముగిసినవని అడిగితే, అవి ఆరంభపు కార్ట్రిడ్జులనీ, వాటిలో పూర్తిగా పొడి నింపరనీ దుకాణదారు శాంతంగా చెప్పినాడు. పెట్టె మీది చిన్న అక్షరాలలో ఆ మాట ఉన్నదట. పెద్ద అక్షరాలలో ఉన్నది తక్కువ ధర మాత్రమే.

ఇక్కడ యంత్రం పనితీరు కొంచెం తెలియాలి. లేజర్ ప్రింటరులో ద్రవమైన సిరా ఉండదు. విద్యుదావేశం పొందిన డ్రమ్ము మీద లేజరు కిరణం అక్షరాల ఆకారాన్ని వ్రాస్తుంది. ఆ ఆకారానికి మాత్రమే టోనరు అనే సన్నని పొడి అంటుకొంటుంది. అది కాగితం మీదికి చేరి, వేడి రోలర్ల నడుమ కరిగి అతుక్కొంటుంది. రంగుల యంత్రంలో ఈ పని నాలుగు పొడులతో జరగాలి: నీలి ఛాయగల సయాను, గులాబి ఛాయగల మెజెంటా, పసుపు, నలుపు. నాలుగు చిత్రాలూ ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. అందుకొరకు యంత్రం తనను తాను అప్పుడప్పుడు సరిచూచుకొంటుంది. ఆ సరిచూపులో కూడా టోనరు ఖర్చవుతుంది. కొన్ని యంత్రాలు నల్లని అక్షరాలనే రంగుల మిశ్రమంతో ముద్రించే అమరికతో వస్తాయి. మనం నలుపే వాడుచున్నామని అనుకొంటుంటే, లోపల పసుపు తరుగుతూనే ఉంటుంది.

ఈ విద్య ఒక్కనాడు పుట్టినది కాదు. 1938 అక్టోబరు 22న న్యూయార్కు నగరంలోని అస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ పొడితో, విద్యుదావేశంతో మొదటి ప్రతిని తీసినాడు. ఆ పద్ధతికి లేజరు కిరణాన్ని జోడించి 1971 నాటికి గ్యారీ స్టార్క్‌వెదర్ జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో ముద్రణయంత్రాన్ని పని చేయించినాడు. 1990 దశకంలో కార్యాలయపు బల్లమీదికి వచ్చిన రంగుల లేజరు యంత్రాల ధర వేల డాలర్లలో ఉండేది. అటువంటి యంత్రం నేడు అధ్యాపకుని నెల జీతంలో కొంతభాగానికే దొరుకుతున్నదంటే దాని వెనుక ఎందరో మేధావుల శ్రమ ఉన్నది. దానిని నేను తక్కువ చేయను. కాని ధర అంతగా తగ్గడానికి శాస్త్రం ఒక్కటే కారణం కాదు. యంత్రాన్ని తక్కువ లాభానికి, ఒక్కొక్కప్పుడు లాభం లేకుండానే అమ్మి, ఆ తరువాత టోనరు మీద ఆదాయం రాబట్టుకొనే వ్యాపార పద్ధతి కూడా కారణమే. ఏనుగును కొని అంకుశానికి వెనుకాడినట్లు అని సామెత. ఇక్కడ ఏనుగు చౌక. అంకుశం మాత్రం ప్రతి ఆరునెలలకూ కొత్తది కొనాలి.

నా అనుభవమే అందరి అనుభవం అనడం న్యాయం కాదు కనుక, అటువంటి చౌక యంత్రాలనే కొన్న ఇద్దరు మిత్రులను అడిగినాను. ఆంగ్లశాఖ మిత్రుడు తన యంత్రాన్ని వేనోళ్ల పొగడినాడు. ఆయన నెలకు ముప్పై నలభై పుటలకు మించి ముద్రించడు. పూర్వం ఇంట్లో సిరా ప్రింటరు ఉండగా, సెలవులలో వాడక సిరా ఎండి గొట్టాలు పూడుకొనిపోయేవట. పొడి ఎండేది కాదు కనుక ఆ బాధ తప్పినది. శుభలేఖలు ముద్రించే మరొక మిత్రుడు మాత్రం తల బాదుకొన్నాడు. దళసరి కాగితం యంత్రం లోపల ఇరుక్కొంటున్నది. వానకాలంలో తేమ పీల్చిన కాగితం వేడి తగలగానే చుట్టుకొంటున్నది. పుట నిండా రంగు వేస్తే కార్ట్రిడ్జి చెప్పిన లెక్కలో నాలుగవ వంతుకే ఖాళీ అవుతున్నది. చౌక యంత్రాలే; ఒకరికి వరం, మరొకరికి శాపం. భేదం యంత్రంలో లేదు, అవసరంలో ఉన్నది.

చెప్పిన లెక్క ఏమిటో కూడా చూడాలి. రంగుల టోనరు ఎన్ని పుటలకు వస్తుందో కొలవడానికి ఐ.ఎస్.ఓ. 19798 అనే అంతర్జాతీయ ప్రమాణం కలదు. ఆ కొలతకు వాడే పుటలలో ఒక్కొక్క రంగు పుట వైశాల్యంలో సుమారు నూటికి అయిదు వంతులు మాత్రమే ఆక్రమిస్తుంది. నిండైన ఛాయాచిత్రం అందుకు ఎన్నో రెట్లు మింగుతుంది. మా యంత్రానికి నల్ల కార్ట్రిడ్జి 1,500 పుటలకు, రంగులవి 1,300 పుటలకు వస్తాయని వ్రాసి ఉన్నది. భాగించి చూడండి: నలుపుకు పుటకు మూడు రూపాయలు, ఒక్కొక్క రంగుకు నాలుగు రూపాయలు. మొత్తం పదిహేను రూపాయలు. కాగితం, విద్యుత్తు, యంత్రం ధర ఇందులో చేరలేదు. వీధి చివరి దుకాణంలో పది రూపాయలకు దొరికే పుటను, విద్యార్థికి మేలు చేస్తున్నామని భ్రమించి, మేము పదిహేనుకు ముద్రించినాము! ఈ భాగహారం అయిదవ తరగతి పిల్లవాడు చేయగలడు. ఇద్దరు శాఖాధ్యక్షులు, నలుగురు అధ్యాపకులు కలిసి దుకాణానికి పోయి కూడా మేము చేయలేదు. తప్పులో మా వంతు అది.

ఖర్చు తగ్గుతుందని వేరొక తయారీదారు కార్ట్రిడ్జులు మూడవ వంతు ధరకు తెప్పించినాము. కొన్నాళ్లు చక్కగా పనిచేసినవి. ఒకనాడు యంత్రం ఇంటర్నెట్టు ద్వారా తన లోపలి సాఫ్టువేరును నవీకరించుకొన్నది. మరునాటి నుండి ఆ కార్ట్రిడ్జుల మీది చిప్పును గుర్తించనని మొండికెత్తినది. కొన్న యంత్రం మాది, గది మాది, విద్యుత్తు మాది; లోపల ఏ పొడి వేయాలో నిర్ణయించే అధికారం మాత్రం మరొకరిది. అమ్మిన కార్ట్రిడ్జి మీద పేటెంటు హక్కు అమ్మకంతోనే తీరిపోతుందని 2017లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని చిప్పు న్యాయస్థానాల తీర్పులు చదవదు.

చివరికి ఆ సంవత్సరం టోనరుకు పెట్టిన ఖర్చు వల్ల శాఖా గ్రంథాలయానికి కొనదలచిన నిఘంటువులు కొనలేకపోయినాము. రంగుల గోడపత్రిక నెలలో వెలిసిపోయినది. నిఘంటువు ఉండి ఉంటే ముప్పై ఏండ్లు విద్యార్థుల చేతులలో తిరిగేది. నా బాధకు మూలం ఇదే. చౌకదనం వల్ల ఎక్కువగా నష్టపోయేది డబ్బున్నవాడు కాదు. అతడు మొదటనే ఎక్కువ ధర పెట్టి, పుటకు తక్కువ ఖర్చయ్యే యంత్రాన్ని కొనగలడు. చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్మును చూచుకొని చౌకను ఎన్నుకొనేవాడే, ఆ తరువాత ప్రతి పుటకూ జరిమానా చెల్లిస్తాడు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మన దేశంలో పొట్లంలో అమ్మే వస్తువు మీద గరిష్ఠ చిల్లర ధర ముద్రించడం తప్పనిసరి. అదే విధంగా ప్రతి ప్రింటరు పెట్టె మీద, ధరతో సమానమైన అక్షరాలలో, మూడు సంగతులు ముద్రించాలి. నల్ల పుటకు, రంగుల పుటకు టోనరు ఖర్చు ఎంత? యంత్రంతో వచ్చే కార్ట్రిడ్జులు ఎన్ని పుటలకు సరిపోతాయి? ఒక రంగు అయిపోయినప్పుడు నలుపు ముద్రణ సాగుతుందా, ఆగుతుందా? ఇందులో తయారీదారునికి నష్టం లేదు. నిజాయితీగా మంచి యంత్రం చేసేవానికి లాభమే. వస్తువు నాణ్యత, పరిమాణం, ధర తెలిసికొనే హక్కును 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు గుర్తించినది. దాని స్థానంలో వచ్చి 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 చట్టం కూడా ఆ హక్కును నిలిపినది. ధర అంటే పెట్టె ధర మాత్రమే అని ఎందుకు అనుకోవాలి? రోజూ మన జేబు నుండి పోయేది పుట ధర.

నియమం వచ్చేవరకు కొనేవాడు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. నెలకు ఎన్ని పుటలు, అందులో రంగులవి ఎన్ని అని ముందుగా ఒక కాగితం మీద వ్రాసికొనాలి. యంత్రం ధర అడగడానికి ముందు కార్ట్రిడ్జి ధర అడిగి, పుటల సంఖ్యతో భాగించాలి. నలుపే ఎక్కువైతే నలుపు యంత్రం కొని, రంగు పుటలకు దుకాణానికి పోవడం లాభం. కొన్న తరువాత నలుపు మాత్రమే వాడే అమరికను ఎన్నుకొనాలి. అన్యాయం జరిగినదని తోచితే రసీదు భద్రపరచి, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 సంఖ్య మీద ఫిర్యాదు చేయాలి.

మా యంత్రం ఇప్పటికీ ఉర్దూ శాఖ గదిలో ఉన్నది. పండుగకు తీసిన కొత్త బట్టల వలె సంవత్సరానికి ఒకటి రెండు సార్లు బయటికి వస్తుంది. దాని మీద ఒక చీటీ అంటించినాను. ఒక ప్రక్క తెలుగులో, మరొక ప్రక్క ఉర్దూలో ఒకే మాట ఉన్నది: “రంగు పుట – పదిహేను రూపాయలు.” ఆ చీటీ అంటించిన తరువాత అనవసరంగా ఎవరూ రంగు పుట ముద్రించలేదు. పెట్టె మీద ఆ మాట ముందే ఉండి ఉంటే, మా నిఘంటువులు నేడు అలమరలో ఉండేవి.