గంతలు విప్పిన తరువాత

కళ్లకు గంతలు కట్టుకుని సొంత ఇంట్లో పది అడుగులు వేస్తే చాలు. నిత్యం దాటే గడప కూడా కొత్తదై కాలికి తగులుతుంది. వస్తువులను, కట్టడాలను రూపొందించేవారు ఇటువంటి అనుభవం పొందాలన్న ఆలోచన నేటిది కాదు. పెట్రీషియా మూర్ అనే అమెరికన్ రూపకర్త 1979లో, తన 26వ ఏట, వృద్ధురాలి వేషం వేసుకున్నది. చూపు మసకబారే కళ్లద్దాలు, చెవులలో మైనం, కాళ్లు సులువుగా వంగకుండా కట్లు - ఈ అవస్థలో మూడేళ్లపాటు అమెరికా, కెనడాలలోని 116 నగరాలు తిరిగి, వృద్ధులకు లోకం ఎంత ఇరుకో తెలుసుకున్నది.

అయితే ఈ సాధనకు ఒక హద్దు ఉన్నది. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, కాసేపు గంతలు కట్టుకున్నవారికి, అంధులు ఉద్యోగం చేసుకుని స్వతంత్రంగా జీవించగలరన్న నమ్మకం తగ్గింది. కారణం ఊహించదగినదే. గంతలు కట్టుకున్నవాడు ఎరిగేది అంధత్వంలోని మొదటి గంటను మాత్రమే. ఆ తడబాటును, ఆ భయాన్ని మాత్రమే. చేతికర్రతో, చెవులతో దారి పోల్చుకునే నేర్పు ఏళ్ల అభ్యాసం వల్ల వచ్చేది. అది అతనికి అందదు. అందినదల్లా జాలి. జాలితో చేసిన వస్తువు ఆసరా ఇవ్వవచ్చును గాని, స్వేచ్ఛ ఇవ్వదు.

మరి రూపకర్తకు దారి ఏది? ఢిల్లీ ఐ.ఐ.టి.లో రూపొందిన 'స్మార్ట్‌కేన్' ఇందుకు చక్కని సమాధానం. తెల్లకర్ర నేలమీది రాయిని, గుంతను పసిగడుతుంది; కాని మోకాలికి పైన ఉండే అడ్డంకి - వాలిన చెట్టుకొమ్మ, తెరిచిన కిటికీ రెక్క, ఆగి ఉన్న లారీ వెనుక భాగం - ఒంటికి తగిలేదాకా తెలియదు. కర్రకు అమర్చే ఈ పరికరం అతిధ్వని తరంగాలతో మూడు మీటర్ల దూరంలోని అడ్డంకిని కూడా గుర్తించి, పిడిలోని కంపనం ద్వారా తెలుపుతుంది. శబ్దం చేయదు, ఎందుకంటే అంధుని చెవులు అప్పటికే వాహనాల రొదను, అడుగుల సవ్వడిని చదువుతూ ఉంటాయి. విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఆ పనిని ఆచార్య బాలకృష్ణన్ బృందం అంధుల చేత వాడించి, వారి సలహాలతో దిద్దుకుంటూ 2014లో వినియోగంలోకి తెచ్చింది.

ఈ నీతి చట్టానికీ చేరింది. హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం సమర్పించిన నివేదికను పరిశీలించిన సుప్రీంకోర్టు, భవనాలు, రవాణా మొదలైన వాటిని వికలాంగులకు అనువుగా తీర్చే ప్రమాణాలు కేవలం సిఫారసులుగా మిగలరాదని, కొన్నింటినైనా తప్పనిసరి చేయాలని 2024 నవంబరు 8న ఆదేశించింది.

గంతలు కట్టుకోవడం తప్పు కాదు. కాని అవి విప్పిన తరువాత, ఆ జీవితం ఎరిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.