గుండెబలం చూసి మంచు ఆగుతుందా?

జిల్లా పిల్ల ఎవరైనా హిమాలయ శిఖరం ఎక్కి వస్తే నల్లగొండలోనైనా పాలమూరులోనైనా సన్మాన సభ తప్పదు, శాలువా తప్పదు. వేదిక మీది పెద్దమనిషి నోట ఒక మాటా తప్పదు: గుండెధైర్యం ఉంటే చాలు, కొండ తలవంచుతుందని. చప్పట్లు మోగుతాయి. ఆ పెద్దమనిషి మంచు వాలు మొహం చూసి ఉండడు.

సాక్ష్యానికి పూర్ణను లాక్కొస్తారు. గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ తొలి పాఠాలు నేర్చింది భువనగిరి గుట్ట మీదే, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిందీ నిజమే. పదహారేళ్లు నిండనివారికి నేపాల్ అనుమతి లేదు కనుక పూర్ణ టిబెట్ వైపు నుంచి ఎక్కింది. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు దారిలో మంచు విరిగిపడి 16 మంది నేపాలీలు చనిపోయారు. పరాయివాళ్ల సామాన్లు మోస్తూ ఆ దారిలో నడిచినవాళ్లు. వాళ్లకు ధైర్యం చాలలేదా?

భువనగిరి ఏకశిల. నిన్న పట్టు దొరికిన చోట ఇవాళా దొరుకుతుంది. మంచు అలా కాదు, కురిసినప్పుడల్లా ఒక పొర. చలికి అడుగు పొర పలుకులుగా మారి పట్టు వదిలేస్తుంది. గాలి తెచ్చిపోసిన మంచు దానిపైన పలకలా బిగుస్తుంది. పంచదార మీద పరిచిన జొన్నరొట్టె! 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆ పలక జారడానికి ఒక్క మనిషి బరువు చాలు. కూరుకుపోయినవాళ్లలో ఎక్కువమంది విషయంలో, మంచును కదిపింది వాళ్లో, వాళ్ల జట్టువాళ్లో.

ముందే పసిగట్టే పద్ధతి ఉంది. గొయ్యి తవ్వి, 30 సెంటీమీటర్ల చదరంలో మంచు స్తంభం కోసి, పైన పార ఆనించి, మణికట్టు నుంచి పది, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది దెబ్బలు వేయాలి. ఎన్నో దెబ్బకు ఏ పొర తెగిందో, ఎంత నున్నగా తెగిందో చూడాలి. పక్క వాలులో ఫలితం మారిపోవచ్చు కూడా. జెండాతో ఫొటోకు పనికొచ్చే పని కాదు, అందుకే సభల్లో దాని ఊసుండదు.

2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థ బృందాన్ని ద్రౌపదీ కా దండా-2 శిఖరం మీద మంచు ముంచేసింది. పోయినవాళ్లు 29 మంది. అదే ఏడాది ఎవరెస్ట్ ఎక్కివచ్చిన శిక్షకురాలు సవితా కంస్వాల్ వారిలో ఒకరు. ఆమెకు ధైర్యపాఠం చెప్పగల వేదిక ఏది?

శిఖరాల మోజు లేనివాళ్లనూ మంచు వదల్లేదు. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ పక్కన మాణాలో సరిహద్దు రోడ్ల పనికొచ్చిన 54 మంది కూలీలు చిక్కుకున్నారు, 8 మంది చనిపోయారు. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ముందురోజే హెచ్చరించింది. అయినా కూలీలు తమ బస కంటైనర్లలోనే ఉన్నారు. వలసకూలీ ప్రాణం ఎవరి లెక్కలో ఎక్కడుంటుందో పాలమూరుకు వేరే చెప్పాలా?

పిల్లల్ని పంపొద్దని ఎవరూ అనడం లేదు. హెచ్చరిక చదవడం, గొయ్యి తవ్వడం, కూరుకుపోయినవాణ్ణి పావుగంటలోపు వెతికి తీయడం ముందు నేర్పాలి. వాలు బాగాలేదని శిఖరం కింది నుంచే తిరిగొచ్చిన పిల్లకూ అదే శాలువా కప్పాలి. భువనగిరిలో మంచు లేదు కదా, ఎవరు ఎక్కడ నేర్పాలంటారా? గురుకులాల అధికారులు మనాలీ పర్వతారోహణ సంస్థకో ఉత్తరకాశీ సంస్థకో ఒక ఉత్తరం రాస్తే తేలుతుంది.