ఫోన్ లీక్ అయితే పండగ, డీల్ లీక్ అయితే జైలు

కొత్త ఫోన్ కెమెరా మాడ్యూల్ ఫొటో లీక్ అయిందంటే మనకి పండగే. రెండర్లు, బెంచ్‌మార్క్ స్కోర్లు, రిటైల్ బాక్స్ ఫొటోలు... లాంచ్ రోజుకి స్పెక్స్ అన్నీ నోటికి వచ్చేసి ఉంటాయి. నేనూ అంతే. కానీ పోయిన ఏడాది ఒక లీక్ నేరుగా నా చేతికే వచ్చింది. అది ఫోన్ గురించి కాదు.

ఆఫీసులో మా టీమ్‌కి ఒక టికెట్ వచ్చింది. ప్రాజెక్ట్‌కి ఏదో కోడ్ నేమ్ పెట్టారు. ఇంకో కంపెనీ యూజర్లందరినీ మా లాగిన్ సిస్టమ్‌లోకి మార్చాలంటే ఎన్ని వారాలు పడుతుందో ఎస్టిమేట్ ఇవ్వాలి, అంతే. ఆ కంపెనీ పేరు ఎక్కడా రాయలేదు. కానీ శాంపిల్ ఫైల్‌లో ఏపీఐ అడ్రస్ మార్చడం మర్చిపోయారు. చూడగానే పేరు తెలిసిపోయింది. స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయిన కంపెనీ. మావాళ్లు దాన్ని కొనబోతున్నారని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి బీటెక్ రూమ్మేట్స్ గ్రూప్‌లో ఒకడు, "ఏదైనా మంచి షేర్ ఉంటే చెప్పరా, బైక్ ఈఎంఐ కట్టాలి" అన్నాడు. పేరు టైప్ చేసేశాను కూడా. సెండ్ మాత్రం నొక్కలేదు. నేనేదో సత్యహరిశ్చంద్రుణ్ణని కాదు, భయమేసింది. ఆ భయం కరెక్టేనని తర్వాత పాత కేసులు చదివితే అర్థమైంది.

రేడియాన్ కార్డు వెనక కథ

గేమింగ్ పీసీ ఉన్నవాళ్లకి రేడియాన్ గురించి చెప్పక్కర్లేదు. ఆ బ్రాండ్ మొదట్లో ఏఎండీది కాదు, కెనడా కంపెనీ ఏటీఐది. 2006 జులైలో ఏటీఐని సుమారు 540 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఏఎండీ ప్రకటించింది. అప్పట్లో ఏఎండీకి సలహాలిచ్చిన మెకిన్సే సీనియర్ పార్ట్‌నర్ అనిల్ కుమార్ ఈ విషయాన్ని ముందే గ్యాలియన్ హెడ్జ్ ఫండ్ అధిపతి రాజ్ రాజరత్నం చెవిన వేశాడు. గ్యాలియన్ ఏటీఐ షేర్లు కొనిపెట్టుకుంది. డీల్ బయటికి రాగానే షేర్ ఎగిరింది. సమాచారం ఇచ్చినందుకు అనిల్ కుమార్‌కి 10 లక్షల డాలర్లు ముట్టాయి.

2009లో ఇద్దరూ అరెస్టయ్యారు. రాజరత్నం మాట్లాడిన ఫోన్ కాల్స్ రికార్డింగులు కోర్టులో వినిపించారు. 2011లో ఆయనకి 11 ఏళ్ల జైలు, కోటి డాలర్ల ఫైన్, ఇంకా 5.38 కోట్ల డాలర్ల జప్తు. అమెరికా మార్కెట్ రెగ్యులేటర్ ఎస్ఈసీ వేసిన సివిల్ కేసులో మరో 9.28 కోట్ల డాలర్ల పెనాల్టీ. అనిల్ కుమార్ నేరం ఒప్పుకుని ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పాడు కాబట్టి ప్రొబేషన్‌తో బయటపడ్డాడు.

"అది కోటీశ్వరుల గొడవ, మనకెందుకు?" అంటారా? 2022 మార్చిలో ఎస్ఈసీ ఇంకో కేసు పెట్టింది. ఈసారి నిందితుల్లో ముగ్గురు ట్విలియోలో పనిచేసిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు. అది టేకోవర్ కేసు కాదు, క్వార్టర్ రిజల్ట్స్ కేసు. కానీ మనకి పనికొచ్చే పాఠం అందులోనే ఉంది. కోవిడ్ టైమ్‌లో కస్టమర్ల వాడకం ఎంత పెరిగిందో వాళ్లకి కంపెనీ డేటాబేస్‌లో కనిపించింది. షేర్ కచ్చితంగా పెరుగుతుందని వాళ్లు చాట్‌లో మాట్లాడుకున్నారని, తర్వాత బంధుమిత్రులతో కలిపి 10 లక్షల డాలర్లకు పైగా లాభం వచ్చిందని ఎస్ఈసీ ఆరోపణ. ఆ చాట్ ఏ భాషలో జరిగిందో తెలుసా? తెలుగులో. మన భాషలో మాట్లాడుకుంటే ఎవరికీ అర్థం కాదనుకునే రోజులు పోయాయి బాస్.

నేను కొనలేదు, చెప్పానంతే

మన దగ్గర సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ రూల్స్ చూడండి. బయటికి రాని, షేర్ ధరని కదిలించే సమాచారం ఎవరి దగ్గరుంటే వాళ్లే ఇన్‌సైడర్. మీరు సీఈఓ అయినా, నిన్న చేరిన ట్రైనీ అయినా ఒకటే. విలీనాలు, టేకోవర్లు ఆ లిస్టులో పేరుపెట్టి మరీ ఉన్నాయి. ఉద్యోగ అవసరం లేకుండా ఆ సమాచారం ఇంకొకరికి చెప్పడమే తప్పు. మీరు ఒక్క షేర్ కూడా కొననక్కర్లేదు. సెబీ చట్టం ప్రకారం పెనాల్టీ 10 లక్షల రూపాయల నుంచి మొదలు. పైన 25 కోట్లు, లేదా వచ్చిన లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. క్రిమినల్ కేసైతే పదేళ్ల దాకా జైలు కూడా ఉంది. మావాడి బైక్ ఈఎంఐ కోసం అంత రిస్కా?

"ఇందులో ఎవరి డబ్బూ దోచుకోలేదు కదా" అని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. డీల్ సంగతి తెలిసి మీరు కొన్నారంటే, తెలియక అమ్మినవాడు ఒకడున్నాడు. చెల్లి కాలేజీ ఫీజు కోసం అమ్ముకున్నాడేమో. వాడికి రావాల్సిన లాభం మీ జేబులోకి వచ్చింది.

అలాగని తప్పంతా ఇంజినీర్లదే అనను. కంపెనీలు ఏడాదికోసారి ట్రైనింగ్ స్లైడ్స్ చూపిస్తాయి, మనం నెక్స్ట్ నెక్స్ట్ నొక్కుతాం, అయిపోతుంది. అసలు సమాచారం మాత్రం టికెట్‌లో, లాగ్‌లో, శాంపిల్ ఫైల్‌లో మామూలు పనిలాగే వచ్చేస్తుంది. ఇలాంటి సమాచారం ఎవరెవరికి ఇచ్చారో పేర్లతో సహా డిజిటల్ రికార్డు పెట్టాలని సెబీ రూల్. అలాంటప్పుడు ఆ టికెట్ మీదే "ఈ షేర్ల జోలికి వెళ్లొద్దు, ఎవరికీ చెప్పొద్దు" అని ఒక లైన్ రాయడానికి ఏం పోయింది? మాకు ఆ ఒక్క లైనూ రాయలేదు.

మీ చేతికి అలాంటిది వస్తే కొనొద్దు, చెప్పొద్దు. డౌట్ ఉంటే కంప్లయన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి.

కొన్ని నెలలకి ఆ డీల్ ప్రకటించారు. షేర్ ఎగిరింది. అదే గ్రూప్‌లో మావాడు, "మీ కంపెనీయే కదరా, ముందే ఒక మాట చెప్పొచ్చుగా" అన్నాడు. అప్పుడు నవ్వే ఎమోజీ పెట్టి ఊరుకున్నాను. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు రాశాను. ఈ లింక్ వాడికి పంపిస్తా.