రాయి ఎలా తీశారో అదే బిల్లులో ఉండాలి



కిడ్నీలో రాళ్ళు ఎందుకు వస్తాయో, రోజుకు ఎన్ని నీళ్ళు త్రాగాలో ఈసారి వ్రాయబోవడం లేదు. డిశ్చార్జి కాగితాలలో ఒక మూలన ఉండే కోడు గురించి వ్రాస్తున్నాము. అది ఆఫీసువాళ్ళ పని అని చాలామంది దానివంక చూడరు. చూడాలని మా అభిప్రాయం.

రాయి తీయడమంటే ఒకే పని కాదు. బయటినుండి తరంగాలు పంపి పొడి చేస్తే ఇ.ఎస్.డబ్ల్యు.ఎల్. మూత్రం వచ్చే దారిన సన్నని గొట్టం పంపి, నాళంలో ఇరుక్కున్న రాయిని పగలగొడితే యు.ఆర్.ఎస్.ఎల్. వీపు వైపు చిన్న రంధ్రం చేసి కిడ్నీలోని పెద్ద రాయిని, సాధారణంగా 2 సెంటీమీటర్లు దాటినదానిని, తీస్తే పి.సి.ఎన్.ఎల్. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక (ఆంధ్రలో ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నారు) ఈ పేర్లు వార్డు సిస్టర్లకు కూడా నోటికి వచ్చేశాయి. ఒక్కోదానికి ఒక్కో కోడు. జబ్బుకు వేసే కోడు వేరే ఉంటుంది: రాయి కిడ్నీలో ఉంటే ఎన్ 20.0, నాళంలో ఉంటే ఎన్ 20.1.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, అనుమతి ఆపరేషన్‌కు ముందే తీసుకుంటాము. నాళంలో రాయి పగలగొడతామని వ్రాసి పంపుతాము. తీరా థియేటర్‌లో ఆ రాయి జారి పైకి, కిడ్నీలోకి వెళ్ళిపోతుంది. డాక్టరుగారు ఆ రోజుకు స్టెంట్ వేసి ఆపుతారు. అప్పుడు జరిగింది స్టెంట్ వేయడం మాత్రమే, రాయి తీయడం కాదు. అనుమతి వచ్చింది కదా అని పాత కోడే ఉంచితే, రాయి తీసేసినట్టే లెక్క. రెండు నెలలకు అదే రాయి కోసం మళ్ళీ వస్తే, "ఆ వైపు రాయి తీశారుగా" అని ప్రశ్న వస్తుంది. జవాబు చెప్పుకోలేక తిరిగేది రోగి కుటుంబమే.

ఇంకొక మాట చెప్పడానికి మాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. "సిస్టర్ గారూ, పెద్ద ఆపరేషన్ పేరు వేయించండి, మనవాళ్ళమే కదా" అని అడిగేవారు ఉన్నారు. ఆదివారం గుడిలో పక్కన కూర్చునేవారే అడుగుతారు. డబ్బు కష్టం మాకు తెలియనిది కాదు. అయినా కాదనే చెబుతున్నాము. చేయని కోత చేసినట్టు కాగితంలో ఉంటే, రేపు కడుపునొప్పితో మరో ఊరి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయన ఆ కాగితాన్నే నమ్ముతారు.

స్టెంట్ మాట మరీ ముఖ్యం. ఒక పెద్దమ్మ మంటతో, మూత్రంలో రక్తంతో మా దగ్గరకు వచ్చారు. ఏడాది క్రితం వేరేచోట ఆపరేషన్ అయింది. కాగితంలో "రాయి తీసివేత" అని తప్ప ఏమీ లేదు. ఎక్స్‌రే తీస్తే లోపల స్టెంట్ ఉంది, రెండు కొసలకూ రాయి పేరుకుపోయి ఉంది. కొన్ని వారాలలో తీయవలసినది! లోపల అలాంటిదొకటి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదట. ముందు ఆ పేరుకున్న రాయిని పగలగొట్టి, తరువాత స్టెంట్ తీయవలసి వచ్చింది. అమెరికాలో ఇలా గొట్టం పంపి రాయి పగలగొట్టడానికి స్టెంట్ లేకుండా అయితే 52353, అదే సిట్టింగులో స్టెంట్ కూడా వేస్తే 52356 అని రెండు నంబర్లే ఉన్నాయి. ఆ తేడా మన కాగితాలలో కూడా కనిపించాలి.

మేమేమీ తప్పులు చేయనివాళ్ళం కాదు. కుడి బదులు ఎడమ అని పడిన బిల్లును ఒక రోగి కొడుకే పట్టి చూపించాడు. అప్పటినుండి థియేటర్ రిజిస్టరు ప్రక్కన పెట్టుకుని చూశాకే బిల్లు పంపుతున్నాము.

మీరు కూడా ఇంటికి వెళ్ళేముందు కౌంటరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఏ వైపు, ఏ పద్ధతి, రాయి పూర్తిగా వచ్చిందా, స్టెంట్ ఉందా అని అడగండి. ఉంటే తీయవలసిన తేదీ డాక్టరుగారి చేత వ్రాయించుకోండి. ఎంత రద్దీగా ఉన్నా మా సిస్టర్లు విసుక్కోరు. విసుక్కుంటే మాకు చెప్పండి.