కోతలన్నీ మా ఒంటికేనా?

మా నాయనమ్మ మంత్రసాని. అర్ధరాత్రి పెద్దకులాల ఇళ్ళల్లో నొప్పులు మొదలైతే లాంతరు పట్టుకుని మాదిగపల్లెకి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. అప్పుడు ఆమెకి గడప అడ్డం కాదు. బిడ్డ బయటపడి, బొడ్డు కోసి, మైలగుడ్డలు ఉతికాక మళ్ళీ గడప గడపే. నాలుగు శేర్ల జొన్నలు, ఒక పాతచీర దూరంనుంచి పడేసేవాళ్ళు. గుక్కెడు నీళ్ళు కావాలంటే దోసిలి పట్టాల్సిందే.

"అది పాతకథ టీచరమ్మా, ఇప్పుడు ఆసుపత్రులొచ్చాయిగా" అంటారు. వచ్చాయి. నా కాన్పు సర్కారు ఆసుపత్రిలోనే అయింది. కింద నెత్తురు కడిగిన ఆయా మా పల్లె మనిషే. కాంట్రాక్టరు ఇస్తే జీతం, లేకపోతే లేదు. చీటీ రాసే చెయ్యి మాత్రం మాది కాదు. ప్రపంచమంతటా వైద్యరంగంలో పనిచేసేవాళ్ళలో 70 శాతం ఆడవాళ్ళే, పెత్తనం చేసే కుర్చీల్లో వాళ్ళు పాతిక శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన దేశంలో ఆ కుర్చీల మీద కులం కూడా కూర్చుని ఉంటుంది.

ఆశా కార్యకర్తల్నే చూడండి. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వాళ్ళని తెచ్చింది. గర్భిణుల పేర్లు రాసేది వాళ్ళు, బిడ్డలకి టీకాలేయించేది వాళ్ళు, కరోనాలో గడపగడపా తిరిగింది వాళ్ళు. 2019లో మన రాష్ట్రంలో నెలకి పదివేలు చేశారు. దాన్నీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. జీతమంటే ఉద్యోగి అని ఒప్పుకోవాలి గదా! 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకి అవార్డిచ్చింది. శాలువా కప్పితే పింఛను వస్తుందా?

ఇంతవరకూ చాకిరీ సంగతి. ఇప్పుడు ఒంటి సంగతి చెప్తాను.

మా అమ్మ మిరపకోతల కూలి. మంచు పడుతుండగానే చేలో దిగితే పొద్దువాలేదాకా వంచిన నడుం ఎత్తేది కాదు. నిన్న మందు కొట్టిన చేలో ఇవాళ కోత. ఒంటేలుకి పోదామంటే చాటు లేదు. అందుకని నీళ్ళు తాగడమే మానేసేది. తడిసిన గుడ్డ రోజంతా ఒంటిమీదే. తెల్లబట్ట, నడుంనొప్పి రాక ఏం చేస్తాయి? ఆరెంపీ దగ్గరికి పోతే ఆయన టౌన్లో ఒక నర్సింగుహోముకి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు స్కానింగు చూసి, "గర్భసంచి పాడైపోయిందమ్మా, ఉంచితే కాన్సరొస్తుంది. పిల్లలున్నారుగా, ఇంకెందుకది?" అన్నాడు. తెల్లబట్ట ఎక్కువగా మందుబిళ్ళలతో తగ్గే జబ్బేనని ఎవరూ చెప్పలేదు. కాన్సరుందో లేదో చూసే పరీక్షా చేయలేదు. అది 2003. అమ్మకి ముప్పై రెండేళ్ళు. నేను ఏడో తరగతి. నూటికి మూడు రూపాయల వడ్డీకి పన్నెండువేలు తెచ్చి గర్భసంచి తీయించుకుంది. నలభయ్యో రోజు మళ్ళీ చేలోకి దిగింది. అప్పు తీర్చాలి గదా!

తర్వాత ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర లేదు, ఎముకల నొప్పులు. 2019లో వేరే డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆమె అడిగింది: "గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా?" అమ్మ నా మొహం చూసింది. మా దగ్గర కాగితం ముక్క లేదు. తన ఒంట్లోంచి ఏం తీశారో కూడా మా అమ్మకి తెలియదు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే రాసేదాన్ని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం. అవసరం లేకుండా గర్భసంచులు తీసే ఆసుపత్రులమీద చర్యలు తీసుకోమని సుప్రీంకోర్టు 2023లో చెప్పాల్సి వచ్చింది.

పిల్లల ఆపరేషన్ సంగతికొస్తే, అదే సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది చేయించుకున్నారు. మగవాళ్ళు నూటికి ఒకరు కూడా లేరు. మగవాళ్ళది కోతా కుట్టూ పెద్దగా లేని చిన్న ఆపరేషన్. అయినా ఎందుకిట్లా? ఎమర్జెన్సీలో, 1976లో, మగవాళ్ళని పట్టుకుపోయి లక్షల్లో వేసెక్టమీలు చేశారు. 1977లో ఆ ప్రభుత్వం కూలింది. దాంతో ఏలేవాళ్ళకి ఒక పాఠం అర్థమైంది: మగాడి జోలికి పోతే ఓట్లు పోతాయి, ఆడదాన్ని కోస్తే ఎవరూ అడగరు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా క్యాంపుల్లో ఆపరేషన్లయిన 13 మంది ఆడవాళ్ళు చచ్చిపోయారు. 2016లో గానీ ఆ క్యాంపులు మూడేళ్ళలో ఎత్తేయమని సుప్రీంకోర్టు చెప్పలేదు.

ఇక్కడిదాకా చప్పట్లు కొట్టిన అన్నలారా, ఇప్పుడు మన ఇంటికొద్దాం.

రెండో బిడ్డ పుట్టాక మా ఆయన్ని అడిగాను, నువ్వు చేయించుకోమని. ఆయన అంబేద్కర్ జయంతికి మైకు పట్టుకునే మనిషి. నవ్వేసి ఊరుకున్నాడు. మా అత్త, "మగాడు కోయించుకుంటే రేపు బస్తా ఎవరు మోస్తారే?" అంది. ఆమె జీవితమంతా బస్తాలు మోసింది, కడుపు కోయించుకున్నాకే మోసింది. ఎమ్మే బీయీడీ చదివి, పిల్లలకి జీవశాస్త్రం పాఠం చెప్పే నేను నోరు మూసుకుని బల్లెక్కాను. ఆ డెబ్భై మందిలో నేనూ ఒకదాన్ని. రాయడానికి సిగ్గుగానే ఉంది. రాయకపోతే ఇంకా సిగ్గు.

1985లో కారంచేడు మొదలైందే మంచినీళ్ళ చెరువు దగ్గర మున్నంగి సువార్త ఎత్తిన బిందెతో. 1991లో చుండూరు. గొడ్డలి దెబ్బకి కారిన నెత్తుర్ని మనం నెత్తురని గుర్తుపట్టాం, రోడ్డెక్కాం. ఆపరేషన్ బల్లమీద కారిన నెత్తుర్ని మాత్రం ఇంటి గుట్టు అనుకున్నాం. మన కరపత్రాల్లో భూమి ఉంది, ఉద్యోగం ఉంది, వర్గీకరణ ఉంది. గర్భసంచి ఏదీ?

ఆశాల్నీ ఆసుపత్రి ఆయాల్నీ ఉద్యోగులుగా గుర్తించాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆడమనిషి నొప్పి చెప్పుకోడానికి ఒక ఆడడాక్టరు ఉండాలి. ఏం కోశారో, ఎందుకు కోశారో రాసిన కాగితం మా చేతికివ్వాలి. ఇవి సర్కారుని అడగాల్సినవి. వేసెక్టమీ బల్ల ఎక్కడానికి మాత్రం జీవో అక్కర్లేదు అన్నలారా.

కోతల కాలం వస్తే మా బడిలో ఆడపిల్లల హాజరు పడిపోతుంది. మొన్న ఎనిమిదో తరగతి పిల్ల నాలుగు రోజులు రాలేదు. ఏమ్మా అంటే, "అమ్మకి కడుపులో నొప్పి టీచర్, నేను కోతకి పోయా. సంచి తీయించుకోమన్నారంట" అంది. ఆ సాయంత్రం వాళ్ళింటికి పోయాను. ముందు పరీక్ష చేయించుకుందాం రమ్మన్నాను. రేపు ఆదివారం పోయి, ఆ తల్లి చేతికి కాగితం వచ్చేదాకా డాక్టరు ముందునుంచి లేవను.